అద్దం ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఎలా మానాలి

నాకు పదకొండేళ్ళప్పుడు మా చర్చిలో క్రిస్మస్ నాటికకు దేవదూతల వేషాలు పంచారు. ఆమదాలవలస దగ్గర చిన్న ఊరు మాది, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు, అయినా ఆ తెల్ల గౌన్ల అంచుకు కుట్టిన వెండి చెమ్కీ కిరసనాయిలు దీపం వెలుగులో కూడా మెరిసేది. పాటలన్నీ నాకు వచ్చు, డైలాగులు అందరికన్నా ముందే బట్టీ పట్టేశాను. తీరా చూస్తే నాకు బూడిదరంగు దుప్పటి కప్పి గొర్రెల కాపరిని చేశారు. ఎందుకని అడిగితే "తెల్ల గౌనులో నీ మొహం కనబడదమ్మా" అన్నారు, అదీ గడ్డం పట్టుకుని, ఎంతో ప్రేమగా. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు నేను ప్రతి ఫొటోలో వెనక వరసలోనే నిలబడ్డాను.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను, సండే స్కూల్లో చెప్తాను. పిల్లలు, వాళ్ళ అమ్మలు, కాన్పు తర్వాత ఒళ్ళు వచ్చిందని బయటికి రావడం మానేసిన కోడళ్ళు, ఆర్మీ సెలక్షన్లలో ఎత్తు చాలక వెనక్కి వచ్చిన కుర్రాళ్ళు, అందరితో కూర్చుని మాట్లాడాక నాకు ఒక విషయం తేటగా కనబడింది. మన విశ్వాసుల్లో చాలామంది తమ దేహాన్ని తాము అసహ్యించుకోవడాన్ని వినయం అనుకుంటున్నారు. దేవుడు చేసిన పనిని రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి తిట్టడం వినయం ఎలా అవుతుంది? నాకు పనికొచ్చినవి, నా దగ్గరికి వచ్చినవాళ్ళకు పనికొచ్చినవి వరసగా రాస్తున్నాను. ఒక్కో మెట్టుకు వారం పట్టినా ఫరవాలేదు, తొందరపడకండి.

1. ఆ మాట ఎవరిదో కనుక్కోండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క మీ శరీరం గురించి మీ మనసులో తిరిగే మాటలు, అవి ఎలా వినబడతాయో అలాగే, యాసతో సహా రాయండి. కుడి పక్క ఆ మాట మొదట ఎవరన్నారు, అప్పుడు మీకెన్నేళ్ళు అన్నది రాయండి. మూడు రోజులు సమయం ఇవ్వండి, ఎందుకంటే అన్నీ ఒకేసారి గుర్తుకు రావు, కొన్ని బట్టలు ఉతుకుతున్నప్పుడు తడతాయి, కొన్ని రాత్రి నిద్రపట్టే ముందు.

నా పుస్తకంలో మొదటి మాట "ఏటే గుంటా, ఇలాగ నల్లబడిపోనావు?" ఇది మా మేనత్తది, ఎండాకాలం సెలవుల్లో, నాకు తొమ్మిదేళ్ళు. ఎడమ పక్క పధ్నాలుగు మాటలు వచ్చాయి, కుడి పక్క చూస్తే మనుషులు నలుగురే. నా జీవితమంతా లోకం నన్ను చూసి నవ్వుతోంది అనుకున్నాను, కాగితం మీద పెడితే లోకం అంటే ఆ నలుగురే, అందులో ముగ్గురికి నేనంటే ప్రాణం. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి చెప్పట్లేదు ఇది. ఆ గొంతు మీది కాదని తెలిస్తే దానికి ఎదురు చెప్పడం సులువవుతుంది, అందుకని. దాన్ని దేవుడి గొంతు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు మరి.

2. శరీరం, దేహం: ఈ రెండు మాటల చిక్కు విప్పుకోండి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మనలో సగం గందరగోళం ఇక్కడే ఉంది. "శరీరానుసారంగా నడవకూడదు" అని చిన్నప్పటి నుంచి వింటాం. విని విని, ఎముకలు, కండ, చర్మం ఉన్న ఈ ఒళ్ళే పాపిష్టిది అనుకుంటాం. ఈ మాట పౌలు పత్రికల్లోది, ఆయన గ్రీకులో రాశాడు. మన తెలుగు బైబిల్లో ఇలాంటి చోట్ల 'శరీరం' అని ఉన్న మాటకు గ్రీకులో 'సార్క్స్' అని ఉంటుంది, దేవునికి ఎదురు తిరిగే మనిషి స్వభావం అని అక్కడ దాని అర్థం. "మీ దేహము పరిశుద్ధాత్మకు ఆలయము" అని మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయంలో ఉన్న 'దేహము' వేరే మాట, గ్రీకులో అది 'సోమా'.

నమ్మకం కుదరకపోతే ఈ రాత్రి గలతీ 5వ అధ్యాయం తీసి, 19వ వచనం నుంచి "శరీరకార్యములు" అని ఉన్న జాబితాను పెన్సిల్ పట్టుకుని చదవండి. ద్వేషాలు, కలహాలు, మత్సరాలు, క్రోధాలు, కక్షలు, అసూయలు. వీటిలో లావుకు, రంగుకు, ఎత్తుకు సంబంధించింది ఒక్కటి కూడా లేదు. సన్నగా, తెల్లగా ఉండే మనిషి కూడా పక్కింటివాళ్ళ మీద కక్ష పెట్టుకుని ఉంటే ఆ జాబితాలో ఉన్నట్టే. వంద కిలోల మనిషి ప్రేమగా బతుకుతుంటే ఆ లావు ఆ జాబితాలోకి రాదు.

యేసు మనిషిగా పుట్టాడు అని క్రిస్మస్‌కు పాడుకుంటాం కదా, ఆకలి వేసే, చెమట పట్టే, అలసిపోయి పడవలో నిద్రపోయే ఒళ్ళుతోనే వచ్చాడు. లేచిన తర్వాత కూడా ఆ ఒళ్ళును వదిలేయలేదు, శిష్యులు భయపడుతుంటే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్ళిచ్చిన కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ళ ఎదుటే తిన్నాడని లూకా 24లో ఉంది. ఆయన రూపం గురించి యెషయా 53లో ముందే రాసి ఉంది, చూసి ఆశపడేంత అందం ఆయనలో లేదని. ఆ వచనం మీద ప్రసంగం నేను చాలా తక్కువ విన్నాను, ఇంకా వినాలని ఉంది.

3. ఒక్కో అవయవాన్ని పట్టుకుని ప్రార్థన చేయండి

139వ కీర్తన అందరికీ కంఠతా వచ్చు. "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." బాధలో ఉన్నవాళ్ళకు ఈ వచనం ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే అది లోపలికి దిగదు, నాకూ దిగలేదు. దిగింది ఎప్పుడంటే, 'నిర్మించినవాడవు' అన్న చోట హెబ్రీ మాటలో నేయడం, అల్లడం అన్న అర్థం ఉందని, రెండు వచనాల తర్వాత 'విచిత్రముగా నిర్మింపబడిన' అన్న చోట బుట్టా పని, రంగుల దారాలతో కుట్టుపని అన్న అర్థం ఉందని తెలిసినప్పుడు. శ్రీకాకుళం జిల్లావాళ్ళకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. ఖద్దరుకు పేరున్న పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, ఆ దవడకు ఉండే సన్నని పళ్ళ మధ్య నుంచి గింజ చుట్టూ ఉన్న పీచును కొంచెం కొంచెంగా దువ్వి తీస్తారు, అప్పుడు గానీ ఆ సన్న నూలు రాదు. యంత్రం మీద వేస్తే గంటలో అయ్యే పనిని రోజుల తరబడి చేత్తో చేస్తారు. ఏ రెండు పంచెలూ అచ్చం ఒకేలా ఉండవు, అక్కడక్కడ దారం కొంచెం లావుగా తగులుతుంది, దాన్ని ఎవరూ లోపం అనరు.

ఎలా చేయాలంటే, రోజుకు ఒక భాగం. ఇవాళ పాదాలు, రేపు పొట్ట, ఎల్లుండి మొహం మీద మచ్చ. చెయ్యి ఆనించి, అది ఇవాళ మీకోసం ఏం చేసిందో పైకి చెప్పండి. అందంగా ఉంది అని చెప్పనక్కర్లేదు, అబద్ధం ఆడుతున్నట్టు అనిపిస్తే అసలే వద్దు. "ప్రభువా, ఈ కాళ్ళు ఇవాళ రెండు బిందెలు నీళ్ళు మోశాయి, వందనాలు." అంతే చాలు.

పలాస వైపు నుంచి మా చర్చికి కొన్నాళ్ళు వచ్చిన ఒక అక్క గురించి చెప్పాలి. జీడిపిక్కలు కొట్టే పనిలో ఇరవై ఏళ్ళు చేసింది. తొక్కలో ఉండే జీడి అంటుకుని కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు నల్లగా మాడినట్టు అయిపోయాయి, గోళ్ళ పక్కన చర్మం పొరలు పొరలుగా లేచేది. ప్రభువు బల్ల ఆరాధన జరిగే ఆదివారం రొట్టె తీసుకునేటప్పుడు ఆమె కుడి చెయ్యి చీర చెంగు కింద దాచుకుని, ఎడమ చెయ్యి చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, చివరికి చెంగు మీదుగానే రొట్టె పట్టుకునేది. నేను పక్కనే కూర్చునేదాన్ని. ఆ వేళ్ళతోనే ఇద్దరు ఆడపిల్లల్ని డిగ్రీ దాకా చదివించింది. ఈ ప్రార్థన మొదలుపెట్టినప్పుడు ఆమె అన్నిటికన్నా చివర చేతుల దగ్గరికి వచ్చింది, మూడు వారాలు దాటవేసి దాటవేసి. మీకూ ఒక భాగం దగ్గర నోరు పెగలదు. అక్కడ బలవంతం చేయకండి, ఊరికే చెయ్యి ఆనించి కూర్చోండి.

మచ్చలు, ఆపరేషన్ గాట్లు ఉన్నవాళ్ళకు ఒక మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళ చేతి నరం ఉబ్బిపోయి తాడులా పైకి తేలుతుంది, ముట్టుకుంటే లోపల జివ్వుమంటుంది. అది దాచడానికి నడి ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకునే తమ్ముళ్ళు ఉన్నారు. తోమాకు ప్రభువు తన గాయాలు చూపించాడు, చెయ్యి పెట్టి చూడమన్నాడు. మహిమలో లేచిన దేహం మీద కూడా ఆ గుర్తులు ఉంచుకున్నాడు. తమ్ముడూ, చొక్కా చేతులు మడవాలో వద్దో నీ ఇష్టం, కానీ అది సిగ్గుపడాల్సిన గుర్తు మాత్రం కాదు.

4. ఆ ట్యూబును ఒకసారి తిప్పి చదవండి

మెడికల్ షాపులో "తెల్లబడటానికి ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చే చిన్న ట్యూబు ఉంటుంది చూడండి. దాని మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్, డాక్టరు చీటీ మీదే వాడాల్సిన మందు. మొదటి రెండు వారాలు మొహం మెరుస్తుంది, అందరూ అడుగుతారు కూడా ఏం రాస్తున్నావని. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మొటిమలు, ఎర్రటి మంట, మొహం మీద వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే కాలినట్టు ఉండటం, ఇవన్నీ వస్తాయి. ఉన్నట్టుండి ఆపినా మంట ఎక్కువవుతుంది కాబట్టి, చాలా రోజులుగా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా స్కిన్ డాక్టరుకు చూపించి మెల్లగా ఆపండి.

పేరూ ఊరూ లేని క్రీములు ఇంకా ప్రమాదం. కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళకు కిడ్నీ జబ్బు రావడం డాక్టర్లు గుర్తించారు. కిడ్నీ అన్న మాట వింటేనే గుండె జల్లుమనే జిల్లా మన శ్రీకాకుళం. రంగు కోసం ఆ ముప్పు కొని తెచ్చుకోవద్దు, మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

ఇక రంగు గురించే. పరమగీతము మొదటి అధ్యాయంలో ఆ అమ్మాయి "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అంటుంది. ఈ 'అయినను' నన్ను చాలా ఏళ్ళు గుచ్చింది. హెబ్రీలో అక్కడ ఉన్నది 'వ' అనే ఒక్క అక్షరం, దాన్ని 'కానీ' అనీ చదవొచ్చు, 'మరియు' అనీ చదవొచ్చు. నల్లనిదాన్ని, అందగత్తెను. రెండూ పక్కపక్కనే. పైగా తర్వాతి వచనంలో ఎందుకు నల్లబడిందో కూడా చెబుతుంది, అన్నలు ద్రాక్షతోట కావలికి పెడితే ఎండ తగిలిందట. మన వైపు నాట్లకు, కోతలకు వెళ్ళే ఏ ఆడపిల్లనైనా అడగండి, ఆ వచనం ఆమెకు వెంటనే అర్థమవుతుంది.

5. ఉపవాసం వెనక డైటింగ్ దాచకండి

ఇది సూటిగానే రాస్తాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో నలభై రోజులు ఉపవాసం అని చెప్పి, నిజానికి పెళ్ళి లోపు ఎనిమిది కిలోలు తగ్గాలని చేసేవాళ్ళను చూశాను, నేనూ ఒక ఏడాది చేశాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, పైగా భక్తి అని మెచ్చుకుంటారు. మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఈ ఉపవాసంలో ఒక్క గ్రాము కూడా తగ్గవు అని ముందే తెలిస్తే చేస్తానా? ఉపవాసం విప్పగానే మొదట ప్రార్థన చేస్తున్నానా, బరువు చూసుకునే మిషన్ ఎక్కుతున్నానా? జవాబు మీకు నచ్చకపోతే ఈసారికి తిండి మానకండి, ఫోనులో రీల్స్ మానేసి ఆ గంట ప్రార్థనకు ఇవ్వండి. అందరి మొహాలు, నడుములు చూసి మనల్ని పోల్చుకునేది అక్కడే కదా.

బరువు తగ్గాల్సిన అవసరం నిజంగా ఉంటే, షుగరో మోకాళ్ళ నొప్పో ఉంటే, అది మామూలు పని, ఆలయాన్ని ఊడ్చి శుభ్రం చేసుకోవడం లాంటిదే. పొద్దున్న చోడి (రాగి) అంబలి, సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నలభై నిమిషాల నడక. ఉన్నట్టుండి లావవుతున్నా, చిక్కిపోతున్నా, నెలసరి తప్పుతున్నా థైరాయిడ్, పీసీఓడీ, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. ప్రార్థనా చేయండి, టెస్టూ చేయించండి.

తిన్నది వేళ్ళు పెట్టి కక్కుకోవడం, రోజంతా తిండి గురించే ఆలోచన, అద్దం చూస్తే చచ్చిపోవాలనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఒంటరిగా మోయకండి. 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. మీ పాస్టరు అయ్యగారితో, అమ్మగారితో కూడా చెప్పండి, వాళ్ళు వినే మనుషులైతే.

6. చుట్టాల మాటలకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి

పెళ్ళికో, సెమీ క్రిస్మస్‌కో వెళ్ళినప్పుడు ఆ మాట ఎలాగూ వస్తుంది. అప్పటికప్పుడు నోట మాట రాదు, ఇంటికొచ్చి ఏడుస్తాం. కాబట్టి ముందే ఒక వాక్యం అనుకుని వెళ్ళండి, గొంతు పెంచకుండా. "అత్తా, నా ఒంటి గురించి వద్దు గానీ, నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" ఇది నేను వాడేది, పనిచేస్తుంది, ఎందుకంటే ఆమెకు మాట్లాడటానికి వేరే విషయం దొరుకుతుంది. చనువు లేని పెద్దవాళ్ళయితే "దేవుడు ఆరోగ్యం ఇచ్చాడు పెద్దమ్మా, అది చాలు" అని పక్కకు జరగండి. మళ్ళీ మళ్ళీ అంటుంటే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి, ఆ మాట నన్ను చాలా బాధపెడుతోంది అని. మా మేనత్తకు అలా చెప్పడానికి నాకు ముప్పై మూడేళ్ళు వచ్చాయి. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నన్నూ మా యమ్మ అలాగే అనేదే" అంది.

పెళ్ళిచూపుల దగ్గర యాకోబు మొదటి భార్య లేయా గుర్తొస్తుంది నాకు. చెల్లెలు రూపవతి, అక్క జబ్బు కళ్ళది అని ఆదికాండం 29లో రాసేశారు. ఆమె కొడుకులకు పెట్టిన పేర్లు వరసగా చదవండి, మొదటి మూడు పేర్ల వెనకా పెనిమిటి ప్రేమ దక్కలేదన్న బాధ, ఇప్పుడైనా దక్కుతుందేమో అన్న ఆశే. నాలుగో కొడుకు దగ్గరికి వచ్చేసరికి "ఈసారి యెహోవాను స్తుతించెదను" అని యూదా అని పెట్టింది. భర్త మనసు మారిందని అక్కడ రాయలేదు. ఆ యూదా వంశంలోనే దావీదు, ఆ తర్వాత యేసు పుట్టారు. తల్లిదండ్రులారా, బయోడేటాలో రంగు గురించిన గడి కొట్టేయండి, అవతలివాళ్ళ బయోడేటాలోనూ ఆ గడి వెతక్కండి.

మగపిల్లల గురించి ఎవరూ రాయరు. శ్రీకాకుళంలో తెల్లవారుజామున గ్రౌండుకు వెళ్తే ఆర్మీకి పరిగెత్తే కుర్రాళ్ళు వరసగా కనిపిస్తారు. ఒక సెంటీమీటరు ఎత్తు తక్కువై వెనక్కి వచ్చిన పిల్లాడు ఆర్నెల్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. అది ఆ ఉద్యోగానికి పెట్టుకున్న కొలత, అంతవరకే. సమూయేలు ప్రవక్త దావీదు పెద్దన్న ఏలీయాబు ఎత్తు చూసి ఇతడే రాజు అనుకుంటే, దేవుడు రూపాన్నీ ఎత్తునూ చూడొద్దని ఆపాడు, గొర్రెల దగ్గర ఉన్న చిన్నవాణ్ణి పిలిపించాడు. నాన్నలూ, ఈ సంగతి మీ కొడుకుతో మీరే మాట్లాడండి, అమ్మ మీద వదిలేయకండి.

7. చర్చిలో మీ చేతుల్లో ఉన్నది మార్చండి

యాకోబు పత్రిక 3వ అధ్యాయంలో ఉంది, ఒకే నాలుకతో తండ్రిని స్తుతించి, ఆయన పోలికగా పుట్టిన మనుషులను శపిస్తామని. మీరు కూడా సాక్ష్యంలో నవ్వించడానికి ఎవరి బట్టతల మీదో, లావు మీదో జోకులు వేసి ఉంటే ఆ మనిషిని కలిసి క్షమించమని అడగండి. ఈ మెట్టు చిన్నదే, నాకు మాత్రం అన్నిటికన్నా కష్టమైంది.

మా సండే స్కూల్లో నాలుగేళ్ళుగా నాటిక వేషాలకు చీటీలు తీస్తున్నాం. స్టీలు డబ్బాలో పేర్లు వేసి, చిన్న పిల్ల చేత తీయిస్తాం, ఎవరికి దేవదూత వస్తే వాళ్ళే. నిరుడు గబ్రియేలు దూత వేషం మా క్లాసులో అందరికన్నా బొద్దుగా ఉండే పాపకు వచ్చింది. సంతోషంతో గెంతింది గానీ, పెట్టెలో ఉన్న పాత గౌన్లు ఒక్కటీ ఆమెకు పట్టలేదు, అన్నీ ఒకే కొలతకు, సన్నపిల్లలకని కుట్టించినవే. వెనకాల జిప్పు పడక పిన్నీసులు పెట్టి, పైన దుపట్టా కప్పి పంపించాం, స్టేజీ మీద ఉన్నంతసేపూ ఆ పాప చెయ్యి వీపు దగ్గరే ఉంది. అందుకని ఈసారి ముందే టైలరుకు చెప్పాను, రెండు గౌన్లు పెద్ద కొలతలో, నడుము దగ్గర నాడా పెట్టి, అంచుకు వెండి చెమ్కీతో. బట్ట కొనడానికి శనివారం గంటస్తంభం వైపు వెళ్తున్నాం, ఆ పాపను కూడా వెంట తీసుకెళ్తున్నాను.